పదిహేడో నంబరు నమూనా

మలం నమూనా కావాలని అడిగితే పిన్ని భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

“ఇదేటి పిల్లా! ఇన్నాళ్ళూ రగతం అడిగేవోరు, ఉచ్చ అడిగేవోరు. ఇప్పుడు ఇది కూడా కావాలేటి మీకు?”

“కావాలి పిన్నీ. ఊరికే ఇస్తే సరిపోదు, కాగితం మీద సంతకం కూడా పెట్టాలి.”

“దీనికి సంతకం కూడానా!” అని మళ్ళీ నవ్వి, వంటగట్టు మీదే కాగితం పరిచి, గుండ్రటి బర్మా అక్షరాలతో తన పేరు రాసింది. తెలుగు మాట్లాడటమే గానీ రాయడం ఆమెకు రాదు. నాకైనా నాన్న పట్టుబట్టి నేర్పించబట్టి వచ్చింది. డబ్బా మీద పదిహేడు అని అంకె వేసి ఆమె చేతిలో పెట్టాను.

పిన్ని నాకు బంధువు కాదు. ఊళ్ళో తామ్వే అనే పేటలో మేముండే భవనంలోనే కింది వాటాలో ఉండేది. వాళ్ళ తాతా మా ముత్తాతా శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి బర్మా వచ్చినవాళ్ళట. ఆ మాత్రం చాలు వరస కలుపుకోవడానికి. పబేడాన్ పేటలో ఆమెకు చిన్న ఇడ్లీ కొట్టు ఉండేది. కరోనా వచ్చిన ఏడాది మూతపడింది, మళ్ళీ తెరవలేదు. భర్త పోయాడు. ఒక్కతే కూతురు. అదే ఊళ్ళో చిమిండైంగ్‌లో, నది ఒడ్డు బజారు దగ్గర కాపురం. అప్పటికి కూతురికి ఎనిమిదో నెల.

మా నాన్నది కూడా పబేడాన్‌లోనే మందుల కొట్టు. చీటీ అడిగేవాడు కాదు. జలుబన్నా, విరేచనాలన్నా, పంటిపోటన్నా యాంటీబయాటిక్ మాత్రలు రెండో మూడో కత్తిరించి పొట్లం కట్టేవాడు. సెలవుల్లో ఆ కత్తెర నా చేతిలోనే ఉండేది. ఇంట్లో మాకు ఒళ్ళు వెచ్చబడినా అవే మాత్రలు. నాన్న పోయాక కొట్టు బాబాయి చూసుకున్నాడు. నేను ప్రయోగశాల చదువు చదివి ఒక ధర్మాసుపత్రిలో చేరాను. అమ్మ బర్మా మనిషి, బౌద్ధురాలు. నేనూ అమ్మా మూడో అంతస్తులో ఉండేవాళ్ళం.

కరోనా వచ్చిన మరుసటి ఏడాది ఫిబ్రవరిలో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. ప్రభుత్వాసుపత్రుల డాక్టర్లూ నర్సులూ పని మానేసి వీధుల్లోకి వచ్చారు. ఆ రోగులంతా మాలాంటి ధర్మాసుపత్రుల మీద పడ్డారు. మార్చి వచ్చేసరికి తూటా దెబ్బలు తిన్నవాళ్ళను కూడా మా వెనక గుమ్మంలోంచి తెచ్చేవారు. వాళ్ళలో ఒకమ్మాయి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. తొడలో తూటా దిగింది. తూటా తీశారు గానీ పుండు మానలేదు. ఏ మందు ఎక్కించినా చీము ఆగలేదు. అన్ని మందులూ అయిపోయాక ఆఖరున వాడే మందు ఒకటుంది. అదీ పనిచెయ్యలేదు. ఆమె పుండు నుంచి దూదిపుల్లతో చీము తీసినది నేనే. ఒక రోజు ఆమె ఇంటివాళ్ళు వచ్చి తీసుకుపోయారు. ఆ తర్వాత ఏమైందో మాకు తెలియలేదు.

మా ప్రయోగశాలకు పెద్ద ఒక డాక్టరమ్మ. బర్మాలో చదువు చెప్పే ఆడవాళ్ళనీ డాక్టరమ్మలనీ సయామా అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. ఆ చీములోని సూక్ష్మజీవి దగ్గర ఏ జన్యువు ఉందో, ఆఖరి మందును కూడా అది ఎలా ముక్కలు చేస్తోందో తేల్చాలని సయామా పట్టుదల. అంతకంటే ముఖ్యంగా అది ఆసుపత్రిలో అంటిందా, లేక మన వీధుల్లో మామూలు మనుషుల కడుపుల్లోనే తిరుగుతోందా అన్నది తెలియాలి. అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ నమూనాలు కావలసి వచ్చాయి. మా వీధి నాకు అప్పగించింది. నమూనా ఇచ్చేవాళ్ళకు ఆసుపత్రితో సంబంధం ఉండకూడదన్నది మొదటి షరతు. అది నాకు చదివి వినిపించింది కూడా.

నమూనాలు పట్టుకెళ్ళాల్సిన రోజు పొద్దున పిన్ని గుమ్మం ముందు నిలబడ్డాను. వీధి మొదట్లో టైర్లు కాలుతున్నాయి. పిన్ని తెల్లవారకముందే లేచి పెద్ద గిన్నెడు అన్నం వండి, సైన్యాన్ని ఆపడానికి వీధులకడ్డంగా పేర్చిన అడ్డుగోడల దగ్గర కాపలా ఉన్న పిల్లల కోసం పొట్లాలు కడుతోంది.

“డబ్బా ఏది పిన్నీ?”

“ఈయేళ కడుపు కదల్నేదు పిల్లా. రేపిస్తాను, ఒగ్గేయి. నువ్వు బేగి ఎల్లిపో, మిలట్రీవోళ్ళు వొచ్చెస్తన్నారంట.”

రేపు కుదరదు. సూక్ష్మజీవుల్ని పెంచే పళ్ళేలు మా దగ్గర ఆఖరివి. వాటి గడువు ఆ రోజుతో తీరిపోతోంది. కొత్తవి వచ్చే దారి లేదు. విమానాలు ఆగిపోయాయి, రేవులో సరుకు కదలడం లేదు. పిన్ని డబ్బా ఖాళీగా సంచిలో వేసుకుని సందుల్లోంచి నడుచుకుంటూ ఆసుపత్రికి చేరాను. దారిలో రెండుసార్లు తుపాకుల చప్పుడు విని ఎవరివో మెట్ల కింద నక్కాను.

అక్కడ మరుగుదొడ్లో పదిహేడో నంబరు డబ్బా నా నమూనాతో నింపాను.

ఎందుకు చేశానని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగాను. భయం వల్ల కాదు. తెచ్చిన డబ్బాలు తక్కువైతే సయామా ముందు తక్కువవుతానని. అంత దూరం అలా నడిచి వచ్చి ఒకటి ఖాళీ అని చెప్పడం చిన్నతనంగా అనిపించింది. ఆరోగ్యవంతుల కడుపుల్లో ఏముంటుందిలే, ఎవరిదైనా ఒకటే అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత మందు కలిపిన పళ్ళేలు తీసి చూశాం. మందును తట్టుకునే సూక్ష్మజీవి లేకపోతే వాటి మీద ఏమీ పెరగదు. మా వీధి పళ్ళేలన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. పదిహేడు మీద మాత్రం గులాబీ రంగు చుక్కలు ఒత్తుగా మొలిచాయి.

మా దగ్గర అరచేతిలో పట్టే యంత్రం ఒకటుండేది. లాప్‌టాప్‌కు తగిలిస్తే జన్యువును నాలుగే నాలుగు అక్షరాల వరుసగా చదివి తెర మీద పెడుతుంది. ఫోన్లలో ఇంటర్నెట్ అప్పటికే కోసేశారు. ఆసుపత్రికున్న తీగ కనెక్షన్ పనిచేసే గంటల్లో సయామా ఆ వరుసను ప్రపంచంలో ఇంతవరకూ చదివిన వరుసలతో పోల్చి చూసింది. ఎనిమిది వందల పదమూడు అక్షరాలు. ఫ్యాక్టరీ అమ్మాయి పుండులోంచి వచ్చిన వరుసను కిందా, పదిహేడో నంబరుది పైనా పెట్టింది. ఒక్క అక్షరం తేడా లేదు.

“జన్యువు ఒకటే అయినంత మాత్రాన ఒకరి నుంచి ఇంకొకరికి వచ్చిందని కాదు,” అంది సయామా. “ఇది ఒక సూక్ష్మజీవి నుంచి ఇంకోదానికి గెంతుతుంది. కానీ మన వీధుల్లో ఉందని మాత్రం తేలింది.”

ఆ జన్యువు పేరులో ఢిల్లీ ఉంది. అది చూసి నా పక్క బల్ల దగ్గర పనిచేసేవాడు “మీ వాళ్ళ సరుకే!” అన్నాడు. నేనూ నవ్వాను. తెర మీద ఉన్నవి నా కడుపులోంచి వచ్చిన అక్షరాలు. ఆ గదిలో ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఆ అమ్మాయి పుండు మీద వంగిన నా చేతులు గుర్తొచ్చాయి. తొడుగులు వేసుకున్నాను కదా అనుకున్నాను. వేసుకున్నాననే నమ్మకం.

అప్పుడే చెప్పాల్సింది. నోటి దాకా రాలేదని అబద్ధమాడను, వచ్చింది. అదే సమయానికి సయామా నా భుజం తట్టి “ప్రాణాలకు తెగించి తెచ్చావు, నువ్వు లేకపోతే ఇది దొరికేది కాదు” అంది. ఆ మాట తర్వాత నోరు మూసుకుపోయింది.

“ఆమెకు మీ భాషలో నువ్వే చెప్పు. భయపెట్టకు. కడుపులో ఉన్నంత మాత్రాన జబ్బు కాదు. పదిమందికి వండే మనిషి కాబట్టి చేతులు సబ్బుతో కడుక్కోమను. ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరితే ఈ సంగతి చెప్పమను. అంతే.”

సరేనని తలూపాను.

పిన్ని గుమ్మం దగ్గర కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. పక్కనే పీట మీద కూర్చుని, నీ నమూనాలో ఒక సూక్ష్మజీవి కనబడిందని చెప్పాను.

“కరోనాయా?”

“కాదు పిన్నీ. కడుపులో ఉండేదే. నిన్నేమీ చెయ్యదు. కాకపోతే దానికి మందులు పనిచెయ్యవు.”

ఆమె చేతులు ఆగిపోయాయి. నేను చెప్పినవాటిలో ఆఖరి మాట ఒక్కటే ఆమెకు వినబడింది.

“మందు నేని పురుగా? నా సేతి కూడు తిన్నోళ్ళకి ఎల్తాదేటి?”

“చేతులు బాగా కడుక్కుంటే...”

“నెలలు నిండిన మనిషికి? పసిగుంటకి?”

“జాగ్రత్తగా ఉంటే ఏమీ కాదు పిన్నీ.”

“జాగర్త అంటే దూరంగా ఉండడవేగదా,” అంది. ఏడాదిగా ఊరంతా నేర్చుకున్న పాఠం అదే. “దాని పేరేటి?” అని అడిగింది. చెప్పాను.

“ఢిల్లీయా? మా తాత పుట్టిన ఊరే నాను సూడనేదు. ఢిల్లీ పురుగు నన్నెలగ ఎతుక్కుంటా వొచ్చింది పిల్లా?”

ఒలిచిన గింజలున్న చేటను ఆమె నాకు దూరంగా జరిపింది. నాకు అంటకుండా చూడాలని. నేను లేచి మూడంతస్తులు ఎక్కి ఇంటికొచ్చి అమ్మ పెట్టిన అన్నం తిన్నాను.

మర్నాటి నుంచి పిన్ని అన్నం పొట్లాలు ఆగిపోయాయి. ఆ పిల్లలు వచ్చి తలుపు కొడితే ఒంట్లో బాగోలేదని లోపలి నుంచే చెప్పి పంపేసింది. రాత్రి ఎనిమిదింటికి ఊరంతా సైన్యానికి ఎదురుగా గిన్నెలూ పళ్ళేలూ మోగించే రోజులవి. అంతకుముందు పిన్ని వీధిలోకి వచ్చి, నలుగురి మధ్య నిలబడి గరిటెతో పళ్ళెం వాయించేది. ఇప్పుడు తలుపు మూసుకుని వంటింట్లో ఒక్కతే వాయించేది. ఆ చప్పుడు పైకి నాకు విడిగా వినబడేది. సబ్బుతో కడిగి కడిగి ఆమె చేతుల చర్మం పగిలిపోయింది. కిటికీలోంచి చూపించి, “సూడు, ఇంకా ఉంటదేటి?” అని అడిగింది. వెన్నపూస రాసుకో అన్నాను.

నిజం చెప్పడానికి రెండుసార్లు కిందికి దిగాను. ఒకసారి వీధిలోకి సైనికుల లారీ వచ్చింది, వెనక్కి వచ్చేశాను. రెండోసారి ఏ లారీ రాలేదు. అయినా వెనక్కి వచ్చేశాను.

ఏప్రిల్ ఆఖర్లో ఆమె కూతురికి నొప్పులొచ్చాయి. పెద్దాసుపత్రిలో డాక్టర్లు లేరు. మంత్రసాని ఇంటికొచ్చింది. అల్లుడు మా అమ్మ ఫోనుకి చేశాడు, అత్తగారిని పంపమని. అమ్మ కిందికి పరిగెత్తింది, నేనూ వెనకే వెళ్ళాను. పిన్ని తలుపు తీయలేదు.

“నాను రాను. రాకూడదు. దానికి సెప్పండి, అమ్మకి ఒంట్లో బాగోనేదని.”

“కూతురి పురుడు కదా, తల్లివి రాకపోతే ఎలా?” అని అమ్మ బర్మా భాషలో బతిమాలింది.

“నా సేతుల్లో ఏటుందో నీ కూతురికి తెలుసు, అడుగు,” అంది పిన్ని తలుపు వెనక నుంచి.

అమ్మ నావైపు చూసింది. నేను చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను. చివరికి అమ్మే చిమిండైంగ్ వెళ్ళింది. సైనికుల తనిఖీలు దాటుకుంటూ మూడు గంటలు పట్టిందట. ఆడపిల్ల పుట్టింది. పురిటినొప్పుల్లో పిన్ని కూతురు అమ్మా అమ్మా అని తెలుగులోనే కేకలేసిందని అమ్మ వచ్చి చెప్పింది. మిగతా రోజుల్లో ఆమె నోట తెలుగు ఎప్పుడో గాని వచ్చేది కాదు.

నలభై రోజులు పిన్ని మనవరాలిని చూడలేదు.

ఆ జన్యువు ఎన్నాళ్ళు కడుపులో నిలుస్తుందో చూడాలని జూన్‌లో సయామా మళ్ళీ నమూనా అడిగింది. ఈసారి పిన్ని డబ్బా నేను వెళ్ళేసరికే సిద్ధంగా ఉంది. రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, పైన దారం కట్టి గుమ్మం బయట పెట్టింది. సయామా ఎవరి దగ్గరో సంపాదించిన కొత్త పళ్ళేల మీద వేశాం. ఏమీ మొలవలేదు. మొలవదని నాకు ముందే తెలుసు.

“పోయింది పిన్నీ,” అని చెప్పాను. అది రెండో అబద్ధం. మొదటిదానికంటే తేలిగ్గా వచ్చింది.

ఆమె తలుపు బార్లా తెరిచి బయటకొచ్చి, పగిలిన రెండు చేతులూ నా తల మీద పెట్టింది. “నీ కడుపు సల్లగుండ,” అంది. అదే పూట బట్టలు సర్దుకుని చిమిండైంగ్ వెళ్ళిపోయింది.

పది రోజులు గడవకముందే మా ఆసుపత్రికి కబురొచ్చింది, సయామా కోసం సైనికులు అడుగుతున్నారని. మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె తన బల్ల ఖాళీ చేస్తోంది. చదివిన జన్యువుల వరుసలన్నీ చిన్న పెన్ డ్రైవ్‌లోకి ఎక్కిస్తూ, “ఇవి బయటికి చేరాలి. ఇక్కడ ఏం జరుగుతోందో ఎవరికీ తెలియడం లేదు. పదిహేడు గురించి విడిగా రాస్తాను, రెండున్నర నెలల్లో దానంతటదే పోయింది కదా,” అంది.

అప్పుడు చెప్పాను.

“సయామా, పదిహేడు నాది.”

“నీదంటే?”

“మొదటి డబ్బాలో ఉన్నది నా నమూనా. రెండోది మాత్రం ఆమెదే.”

ఆమె చేయి లాప్‌టాప్ మూత మీద ఆగింది. పళ్ళేల గడువు, ఆ రోజు కాల్పులు, అన్నీ గబగబా చెప్పాను. అంతా విని, “ఖాళీ అని రాస్తే సరిపోయేది,” అంది. కోప్పడలేదు. “మిగతా డబ్బాలు?”

“అవి నిజమైనవే.”

“అని నువ్వంటున్నావు.”

మా వీధి నుంచి నేను తెచ్చినవన్నీ ఒక్కొక్కటిగా గుర్తుపెట్టి చెరిపేసింది. చెరిపేస్తుంటే నేను పక్కనే నిలబడ్డాను. ఎంతమంది సిగ్గు విడిచి నన్ను నమ్మి ఇచ్చారో ఆ డబ్బాలు. అయిపోయాక, “ఆమెకు చెప్పావా?” అని అడిగింది.

“లేదు.”

“అది నా పని కాదు,” అని సంచి భుజాన వేసుకుంది. ఆ తర్వాత ఆమెను నేను చూడలేదు. సరిహద్దు దాటిందని కొందరన్నారు. నిజమైతే బాగుండు.

మర్నాడే చిమిండైంగ్ వెళ్ళాను. వాన పడుతోంది. బజారు వెనక రెండు గదుల ఇల్లు. పిన్ని నేల మీద కాళ్ళు చాపుకుని, కాళ్ళ మధ్య బిడ్డను పడుకోబెట్టుకుని నూనె రాస్తోంది. కూతురు గోడకానుకుని కూర్చుంది. నన్ను చూసి పిన్ని ముఖం విప్పారింది.

“రా పిల్లా, రా. సూడు మా గుంటని. నీ దయవల్ల ముట్టుకుంటన్నాను.”

నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. ఆ పురుగు నీది కాదు, నాది. నీకు ఎప్పుడూ లేదు. డబ్బా మీద నీ అంకె ఉంది, లోపలున్నది నాది. ఇంతే. చాలా చిన్న మాటలు.

పిన్నికి అర్థం కాలేదు. కూతురికి ముందు అర్థమైంది.

“అంటే మా అమ్మకి ఏటీ నేదా? మొదట్నించీ నేదా?”

“లేదు.”

“నేను... తూటాలకి భయపడి రానేదనుకున్నాను మా అమ్మ. ఆ నలభై రోజులూ మనసులో తిట్టుకున్నాను.” ఆపైన మాటలు బర్మాలోకి వెళ్ళిపోయాయి. నేను అనువాదం చెయ్యను. అన్నీ నాకు తగినవే.

పిన్ని నూనె చేతులతో బిడ్డను ఎత్తుకుని గుండెకు ఆనించుకుంది.

“పుట్టినప్పుడు ఎలగుందో నాకు తెల్దు,” అంది. “ఎర్రగా ఉందంట. జుట్టు తడిగా ఉందంట. అందరూ సెప్తారు. నాను సూడనేదు.”

“పిన్నీ...”

“నీకుందా అది ఇంకా?”

“తెలీదు. పరీక్ష చేసుకోలేదు.”

“మీ అమ్మకి సెప్పినావా?”

“లేదు.”

“నాకు సెప్పినావు. నాను తలుపేసుకున్నాను. మీ అమ్మకి సెప్పనేదు, దాని సేతి కూడు తింటన్నావు.” ఆమె గొంతు పెంచలేదు. “ఎల్లు. వానెక్కువవుతాది.”

ఆ రోజే అమ్మకు చెప్పాను. అమ్మ విని, బుద్ధుడి పటం ముందు పూలు మార్చడానికి లేచి వెళ్ళింది. ఉద్యోగానికి నేనే వెళ్ళడం మానేశాను. పని మానేసి పోరాటంలో చేరానని వీధిలో వాళ్ళు అనుకున్నారు, మెచ్చుకున్నారు కూడా. కాదని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ చెబుతున్నాను.

ఆ వర్షాకాలం కరోనా మళ్ళీ విరుచుకుపడి, ఊపిరాడక ఊళ్ళో ఎంతోమంది పోయారు. చిమిండైంగ్‌లో వాళ్ళు నలుగురూ బతికారని అమ్మ ద్వారా తెలిసింది. పిన్ని తామ్వే వాటా వదిలేసి కూతురి దగ్గరే ఉండిపోయింది. సామాను తీసుకెళ్ళడానికి అల్లుడొక్కడే వచ్చాడు.

చలికాలం మొదట్లో బిడ్డకు అన్నప్రాశన చేశారు. అమ్మను పిలిచారు. అమ్మ వెళ్ళి వచ్చి మూత పెట్టిన చిన్న గిన్నె ఒకటి నా ముందు పెట్టింది. పాయసం.

“ఆమె పంపించిందా?” అని అడిగాను.

“లేదు,” అంది అమ్మ. “నాకు పెట్టినదాంట్లోంచి నేను తెచ్చాను.”

తిన్నాను. జీడిపప్పు తక్కువైంది, బెల్లం ఎక్కువైంది. ఇంట్లో పిన్ని ఉండి కూడా ఇది ఆమె చేతి వంట కాదని తెలిసిపోయింది.